బిహొగో ఈనేదాకా

బడులన్నీ ఇక ఇంగ్లీషులోనే నడుస్తాయని రేడియో చెప్పిన సాయంత్రం మా ఆయన పాలు పితుకుతున్నాడు. నేను ఆవు తల దగ్గర నిలబడి ఆకుల కట్టతో ఈగలు తోలుతున్నాను. మా కొండ మీద పితకడం మగవాళ్ళ పని, ఈగలు తోలడం ఆడవాళ్ళ పని. వార్త పూర్తయ్యేదాకా ధార ఆగలేదు. పూర్తయ్యాక ఆగింది.

“ఇక ఫ్రెంచి లేదన్నమాట,” అన్నాడు.

“నిన్ను తీసేస్తారా?”

“వార్తలో ఆ మాట లేదే.”

“లేని మాట నువ్వు విన్నావు. లేకపోతే చెయ్యెందుకు ఆగింది?”

ఆయన పేరు వెదాస్త్ కబాయిజా. కిన్యామిరా కొండ మీది బడిలో నాలుగో తరగతికి ఫ్రెంచిలో పాఠాలు చెప్పేవాడు. మా చుట్టుపక్కల ఫ్రెంచి చదవగలిగిన వాళ్ళలో చాలామంది ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. ఆయనకు ఇంకో పని కూడా ఉండేది. పెళ్ళిళ్ళలో ఆవుల బిరుదులు చదివేవాడు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఇచ్చే ఆవుల్ని, వాటి తల్లుల్ని, అమ్మమ్మల్ని పేరుపేరునా పొగడాలి. ఒక్కో ఆవు బిరుదులు పూర్తికాగానే జనం “రానీ!” అని అరుస్తారు. జనం అనకపోతే ఆ ఆవు వాకిట్లోకి వచ్చినట్టు కాదు.

నేను పాల కేంద్రంలో పాలు కొలుస్తాను. మా ఇంటి పాలు మాత్రం ఎప్పుడూ కొలవలేదు. ఇచ్చిన పాలను లెక్కపెట్టకూడదు, ఇంకా ఇవ్వని పాలను పితుకుతానని ముందే అనకూడదు అనేది మా మామగారు పెట్టిన కట్టుబాటు. దాన్ని మా ఆయన ఒక్కసారి తప్పాడు. కిందటి కాన్పులో మా ఆవు బిహొగో నిండు చూడితో ఉన్నప్పుడు ఒక పెళ్ళిలో అరటి కల్లు తాగి, “వచ్చే నెల పితుకుతాను, అందరూ కుండలు పట్టుకు రండి,” అన్నాడు. దూడ దక్కలేదు. ఆ తర్వాత ఆయన కల్లు మానలేదు గానీ ఆ మాట మానేశాడు.

రేడియో వార్త వచ్చేనాటికి బిహొగో మళ్ళీ చూడితో ఉంది.

నవంబరులో బడులు మూశాక మాస్టర్లకు శిక్షణ మొదలైంది. జనవరిలో బడి తెరిచాక ఇంగ్లీషులో ఒక పాఠం చెప్పి చూపించాలి. చూపించలేనివాళ్ళను తరగతి నుంచి తప్పించి ఆఫీసులో ఏదో పని ఇస్తామన్నారు. ఆ ఏదో పని ఏమిటని అడిగిన వాళ్ళకు జవాబు రాలేదు. అయిదో తరగతి మాస్టరు సెబాహిరె మొదటి రోజు మధ్యాహ్నమే బయటికొచ్చి సంత మూలలో సైకిళ్ళ రిపేరు పెట్టుకున్నాడు.

“నాకు ఫ్రెంచి చెప్పించడానికి మా నాన్న రెండు మేకలు అమ్మాడు,” అన్నాడు దారిన పోయేవాళ్ళతో. “ఇంగ్లీషుకి అమ్మడానికి ఇంట్లో మేకల్లేవు.”

శిక్షణ ఇవ్వడానికి ఉగాండా నుంచి బిరుంగి అనే అమ్మాయి వచ్చింది. మా అమ్మాయి లియోనీ కంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో. ఆమెవాళ్ళు కూడా ఆవులవాళ్ళే. ఆమె మాట సగం మా మాటలాగే ఉంటుంది, మిగతా సగం మాకు నవ్వు తెప్పిస్తుంది. ఒకరోజు పాల కేంద్రం నుంచి వస్తూ ఆయనకు చిలగడదుంపలూ చిక్కుళ్ళూ ఇచ్చిపోదామని శిక్షణ జరిగే బడికి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే మాస్టర్లంతా పిల్లల బల్లల మీద మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. బోర్డు మీద ఒక్కటే మాట ఉంది. ‘వాక్’. నడవడం. ఒక్కొక్కరూ లేచి దాన్ని ఈరోజు నుంచి నిన్నటికీ, నిన్నటి నుంచి రేపటికీ నడిపించాలి.

మా ఆయన వంతు వచ్చింది.

“ఐ వాక్,” అన్నాడు.

“నిన్న?” అంది బిరుంగి.

“ఐ వాకెద్.”

వెనక బల్ల మీది కుర్ర మాస్టర్లు నవ్వారు. బిరుంగి నవ్వలేదు. “ఇప్పటికే నడిచేసి ఉంటే?” అని అడిగింది. ఆయన నోరు తెరిచాడు. ఫ్రెంచి వచ్చింది. మూసి మళ్ళీ తెరిచాడు. మళ్ళీ ఫ్రెంచే వచ్చింది. కూర్చున్నాడు. నేను దుంపల గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, చూడనట్టు వచ్చేశాను.

సాయంత్రం కొట్టంలో అడిగాను, “ఎలా ఉంది చదువు?”

“నడవడం ఇంత కష్టమని తెలిస్తే పాకేవాణ్ణి.”

ఖాళీ గిన్నె నా చేతికిస్తూ, “కిటికీ దగ్గర ఎండలో నిలబడకు,” అన్నాడు.

నవంబరు ఆఖరుకు బిహొగోను ఒట్టిపోనిచ్చాం. కొనుక్కున్న పాలతో ఇల్లు గడిచింది. అయినా పితికే వేళకు ఆయన అలవాటుగా కొట్టంలోకి వెళ్ళేవాడు. పీట వేసుకుని పొదుగు పక్కన కూర్చునేవాడు. చేతులు మోకాళ్ళ మీద ఉండేవి, పెదాలు మాత్రం కదిలేవి. నేను తల దగ్గర నిలబడేదాన్ని. ఏదో మొదలుపెట్టేవాడు, మధ్యలో ఆగేవాడు, మళ్ళీ మొదటికి వచ్చేవాడు. శిక్షణ మానేస్తానని ఒక్కరోజు కూడా అనలేదు. సెబాహిరె దుకాణం పక్కనుంచే రోజూ వెళ్ళేవాడు.

డిసెంబరులో పక్కింటి దొనతీల్ కూతురి పెళ్ళి జరిగింది. బిరుంగిని కూడా పిలిచారు. మా ఆయన తెల్లబట్ట భుజాన ముడివేసుకుని, కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. రెండు ఆవుల్ని చదవాలి.

“దీని అమ్మమ్మ ఏరు దాటబోతే ఏరే పక్కకు జరిగింది. దీని తల్లి కొమ్ములు చూసి చంద్రుడు సగమై తిరిగాడు. ఇది అడుగుపెట్టిన ఇంట్లో కుండ బోర్లించిన చప్పుడు వినపడదు.”

కర్ర నేలకు తాటించాడు.

“రానీ!” అన్నారు జనం. బిరుంగి గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది.

చదవడం అయ్యాక ఆమె కల్లు బుర్ర పట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

“ఇవన్నీ ఎక్కడ రాసి పెట్టుకున్నారు మాస్టారూ?”

“రాసుకుంటే మర్చిపోతాను టీచరమ్మా.”

“మా తాత కూడా చదివేవాడు. మధ్యలో తడబడితే ఆవు వెనక్కి తిరిగిపోతుందనేవాడు.”

“నిజమే. ఒక ఆవుతో మొదలుపెట్టి సగంలో ఇంకో ఆవులోకి దూకకూడదు. ఆవుకీ అవమానం, చదివేవాడికీ అవమానం.”

“మరి నా క్లాసులో ఆ నడిచేదాన్ని సగంలో వదిలేశారేం?”

మా ఆయన తన కల్లు బుర్రలో తాగే గొట్టం తిప్పాడు.

“అది నా ఆవు కాదమ్మా,” అన్నాడు.

మర్నాడు పొద్దున నేను కొట్టంలోకి వెళ్ళేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో పెళ్ళిళ్ళ కర్ర ఉంది.

“ఐ మిల్క్,” అన్నాడు. బిరుదులు చదివే గొంతుతోనే అన్నాడు. కర్ర తాటించి నా వైపు చూశాడు. “ఊఁ, అనవే.”

“ఏమనాలి?”

“గుమ్మంలో ఆవు నిలబడి ఉంటే ఏమంటావు?”

“రానీ,” అన్నాను.

“ఐ మిల్క్‌డ్. ఇది నిన్నటిది. కొండెక్కి పోయింది, పిలిచినా రాదు.”

“రానీ.”

“రాదన్నానుగా. అయినా సరే, అను. ఐ వజ్ మిల్కింగ్. రేడియో ఆ వార్త చెప్తున్నప్పుడు నా చేతులు ఎక్కడున్నాయో, ఇది అది.”

“రానీ.”

“ఐ హావ్ మిల్క్‌డ్. పితకడం అయింది గానీ కుండలో నురగ ఇంకా కూర్చోలేదు. ఐ హాడ్ మిల్క్‌డ్. చుట్టం వచ్చేసరికే పితికేసి ఉన్నాను, అందుకే పరువు నిలిచింది.”

నాకు ఇంగ్లీషు తెలియదు. కానీ ఆ నురగ తెలుసు, ఆ చుట్టం తెలుసు. ఏ ఒక్కటీ ఇంకోదానితో కలిసిపోకుండా కళ్ళముందు నిలబడ్డాయి. ఆయన ఎక్కడా ఆగలేదు. రేపటి సంగతికి వచ్చాడు.

“యూ విల్ మిల్క్. హీ విల్ మిల్క్. షీ విల్ మిల్క్. షీ అంటే ఆడమనిషి.”

“ఆడవాళ్ళు పితకరుగా?”

“ఇంగ్లీషులో పితుకుతారు. దే విల్ మిల్క్.” కర్ర దించాడు.

“అయిపోయిందా? మరి నువ్వు? అన్నిట్లో మొదట ‘ఐ’ వచ్చిందిగా, ఇందులో రాలేదేం?”

ఆయన బిహొగో కడుపు వైపు చూశాడు. నాకు అర్థమైంది. అయినా ఊరుకోలేదు.

“దానికి ఇంగ్లీషు రాదులే.”

“రోజూ వింటోంది. నాకంటే ముందే వచ్చి ఉంటుంది. పద, గడ్డి వెయ్యి.”

జనవరిలో పరీక్షకు రాజధాని నుంచి రుతాయిసిరె అనే అధికారి వచ్చాడు. పాఠం మా ఆయన తన తరగతిలోనే, తన పిల్లలకే చెప్పాలి. తల్లిదండ్రులను రమ్మన్నారు గానీ లోపల చోటు లేదు. మేమంతా కిటికీల దగ్గర నిలబడ్డాం. నా పక్కన దొనతీల్ ఉంది. బిరుంగి లోపల చివరి బల్ల మీద కూర్చుంది.

మా ఆయన కర్రతో లోపలికి వెళ్ళాడు.

“అది బయట పెట్టండి మాస్టారూ,” అన్నాడు అధికారి.

“పాఠం దీంతోనే సార్.”

“కొడతారా?”

“నేలని సార్. పిల్లల్ని కాదు.”

అధికారి కుర్చీ వెనక్కి జరుపుకుని కానివ్వమన్నట్టు తల ఊపాడు. మా ఆయన మొదలుపెట్టాడు. “ఐ మిల్క్.” కర్ర మోగింది. “రానీ!” అన్నారు పిల్లలు. కిటికీల దగ్గర మాలో కొందరు కూడా అనేశారు.

“ఆ రానీ ఇంగ్లీషు కాదే?” అన్నాడు అధికారి.

“కాదు సార్. అది గుమ్మం. లోపలికొచ్చేది ఇంగ్లీషు, గుమ్మం మనదే.”

అధికారి ఏదో రాసుకున్నాడు. పాఠం సాగింది. మా ఆయన ఒక్కో పిల్లను, ఒక్కో పిల్లవాడిని లేపి ఒక్కో ఆవును అప్పగించాడు. నిన్నటిదాన్ని పట్టుకున్నవాడు తలుపు దగ్గరికి పోయి కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. నురగ ఆరనిదాన్ని పట్టుకున్న పిల్ల ఖాళీ చేతుల్లో కుండ ఉన్నట్టు ఒలక్కుండా నడిచింది. తడబడినవాళ్ళు లేరు. నాకు ఇంగ్లీషు రాదన్నాను కదా, ఆ పూట గది మొత్తం నాకు అర్థమైంది. దొనతీల్ నా భుజం పొడిచి, “మీ ఆయన మా అమ్మాయి పెళ్ళిలో కూడా ఇంత బాగా చదవలేదే,” అంది.

రేపటి దగ్గరికి వచ్చాడు. “యూ విల్ మిల్క్,” అని ఒక పిల్లకు చెప్పాడు. ఆ పిల్ల పక్కవాడిని చూపించి, “హీ విల్ మిల్క్,” అంది. వాడు ఇంకో బల్ల వైపు చెయ్యి చాపాడు. చివరిది కూడా అయింది. కర్ర దించాడు.

అధికారి కాగితం మీదికి వంగి, మళ్ళీ తలెత్తాడు.

“ఒకటి మిగిలిపోయింది మాస్టారూ.”

“తెలుసు సార్.”

“రాదా?”

“వస్తుంది.”

“మరి చెప్పండి.”

“ఇప్పుడు చెప్పను సార్.”

దొనతీల్ నా చెవి దగ్గరికి వంగింది. “తెలీదా ఏంటే మీ ఆయనకి?”

“తెలుసు. మా కొట్టంలో చూడి ఆవుంది.”

ఆమె చేత్తో నోరు మూసుకుంది. కిందటిసారి పెళ్ళిలో కుండలు తెమ్మన్నప్పుడు ఆమె కూడా అక్కడే ఉంది. మెల్లిగా పక్కావిడకు చెప్పింది. ఆ కబురు కిటికీ నుంచి కిటికీకి పోయింది. లోపల బిరుంగి నేల వైపు చూస్తూ కూర్చుంది. పిల్లలు ‘రానీ’ అనడానికి నోళ్ళు తెరిచి, అనాలో వద్దో తెలియక అలాగే ఉన్నారు.

“చూడండి మాస్టారూ,” అన్నాడు అధికారి. గొంతు పెంచలేదు. “నేను విన్నదే రాస్తాను. విననిది రాయలేను.”

“అలాగే రాయండి సార్. నేనైనా అంతే చేస్తాను.”

అధికారి విన్నదే రాశాడు. తక్కువ రాయలేదు, ఎక్కువా రాయలేదు. ఏప్రిల్ సెలవుల దాకా తరగతి వెదాస్త్ దగ్గరే ఉంటుంది. అప్పటికి మిగిలింది చెప్పి చూపించాలి. లేకపోతే ఆఫీసుకు పోవాలి. వరండాలో అది చదివి వినిపించాక హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు.

“ఇంకో మాట తీసుకోవాల్సింది కదయ్యా! ఉతకడం ఉంది, వండటం ఉంది, నడవడం ఉంది. దాన్ని రేపటికి తోలితే ఏం పోయేది?”

“ఒక ఆవుతో మొదలుపెట్టి సగంలో ఇంకోదానిలోకి దూకకూడదండీ,” అన్నాడు మా ఆయన.

“మొదలే వేరేదానితో పెట్టాల్సింది.”

“వేరేది నాకు రాలేదు.”

ఇంటికి నడుస్తూ దారిలో అడిగాను. “నిజంగా నమ్ముతున్నావా లియోనీ నాన్నా? ఆ ముక్క ఇంగ్లీషులో అంటే దూడకు ఏమైనా అవుతుందని?”

ఆయన కర్రను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

“నమ్మకం సంగతి తెలీదు. కిందటిసారి అన్నాను, ఈసారి అనలేదు. నా చేతిలో ఉన్నది అంతే. మిగిలింది దాని చేతిలో ఉంది.”

“ఉద్యోగం?”

“అది కూడా పోకూడదు,” అన్నాడు. కొంచెం దూరం నడిచాక, “రెండూ ఉంటే బాగుంటుంది,” అన్నాడు.

సెబాహిరె దుకాణం దాటుతుంటే అతను చక్రం తిప్పడం ఆపాడు. “ఆఫీసు పని ఇవ్వకపోతే నా దగ్గరికి రా వెదాస్త్. గాలి కొట్టడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.”

“నువ్వే నా దగ్గరికి రా,” అన్నాడు మా ఆయన. “సాయంత్రాలు కొట్టంలో ఖాళీయే.”

అతను నవ్వాడు. ఆ వారంలోనే వచ్చాడు. కొట్టం గోడకు ఆనుకుని నిలబడి, మొదట వేళాకోళానికి, తర్వాత మామూలుగా ‘రానీ’ అన్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు మాస్టర్లు వచ్చారు. వాళ్ళు కూడా మిగిలింది ఏమిటని అడగలేదు. బిహొగో నెమరు వేస్తూ అందరినీ చూసేది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వాన కురుస్తుండగా ఈనింది. ఆయన బడిలో ఉన్నాడు. దొనతీల్, నేను కలిసి పురుడు చూశాం. పెయ్యదూడ. మేం తుడవకముందే కాళ్ళు తన్నింది. ఆయన తడిసి వచ్చి కొట్టం గుమ్మంలో నిలబడి, అది లేచి నిలబడేదాకా చూశాడు. అప్పుడు బట్టలు మార్చుకున్నాడు. జున్నుపాలు దూడకే వదిలేశాం. దూడ తాగాక మిగిలినవి పితకడానికి ఆయన పీట వేసుకున్న పొద్దున, నేను ఆకుల కట్ట పట్టుకుని నా చోట నిలబడ్డాను. అంటాడేమోనని చూశాను. అనలేదు.

“ఇప్పుడేం అడ్డం?” అన్నాను.

“అడ్డమేం లేదు. అడిగినవాళ్ళకు ఇవ్వనిది ముందు వాళ్ళకే ఇవ్వాలి.”

ఏప్రిల్ వానల్లో బిరుంగి కొండెక్కి వచ్చింది. బురద మోకాళ్ళ దాకా ఉంది. అధికారి ఆమెనే పంపాడు. మా గుమ్మం దగ్గర ఆగి మా పద్ధతిలో పలకరించింది.

“మీకు మందలు కలగాలి మాస్టారూ.”

“పెయ్యల మందలు కలగాలి టీచరమ్మా,” అన్నాడు మా ఆయన. ఆమెను కూర్చోబెట్టాడు. నేను మజ్జిగ ఇచ్చాను. ఆమె గుటక వేయకముందే కుండను రెండు చేతులతో పట్టుకుని కొంచెంసేపు వాసన చూసింది.

“మా నాయనమ్మ కూడా అనేది కాదు,” అంది. “ఆవు ఈనేదాకా ఇంట్లో ఎవర్నీ అననిచ్చేది కాదు. ఆ రోజు క్లాసులో లేచి చెబుదామనుకున్నా. చెబితే అన్నట్టే అవుతుందేమోనని ఊరుకున్నా. మీరిప్పుడు చెప్పకపోయినా నేను రాసేస్తాను మాస్టారూ. మీకు వచ్చని నాకు తెలుసు.”

“వినకుండా రాయకమ్మా,” అన్నాడు.

పితికే వేళ అయింది. ఆయన కొయ్య కుండ తీసుకుని కొట్టంలోకి వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళింది. నేను దూడను వదిలాను. అది రెండు గుటకలు తాగి తల్లిని చేపించాక లాగి పట్టుకున్నాను. నా చేతులు ఖాళీగా లేవని చూసి బిరుంగి ఆకుల కట్ట అందుకుంది. బిహొగో తల దగ్గర, నా చోట నిలబడి ఈగలు తోలసాగింది. మొదటి ధారలు కుండ అడుగున మోగాయి. నురగ లేచాక ఆ చప్పుడు తగ్గింది.

ఆయన మొదటి నుంచీ మొదలుపెట్టాడు. నిన్నటిదీ, నురగ ఆరనిదీ, చుట్టం వచ్చేసరికి అయిపోయిందీ అన్నీ వరుసగా వచ్చాయి. కర్ర లేదు. ధార ఆగలేదు. రేపటి దగ్గరికి వచ్చాక తల ఆవు డొక్కకు ఆనించి, అందరికంటే ముందు దానికి చెబుతున్నట్టు అన్నాడు.

“ఐ విల్ మిల్క్.”

దూడ నా చేతుల్లోంచి గుంజుకుంది. బిరుంగి, నేను ఒకరినొకరం చూసుకున్నాం. ఇద్దరం ఒక్కసారే అన్నాం.

“రానీ.”